నీళ్ళంటే అంత ఇష్టం జబ్బు కాదు. ముందు ఈత నేర్చుకోండి

ప్రశ్న: మాది కోనసీమలో కాలువ గట్టున ఉన్న ఊరు. పెళ్ళయ్యాక హైదరాబాదు వచ్చేశాం, మియాపూర్‌లో ఉంటున్నాం. నాకు చిన్నప్పటి నుంచీ నీళ్ళంటే చెప్పలేనంత ఇష్టం. కొత్త ఊరెళ్తే గుడి కన్నా ముందు చెరువెక్కడుందో అడుగుతాను. వేసవిలో కాలువ కట్టేసి జూన్‌లో మళ్ళీ వదిలినప్పుడు, ఆ మొదటి నీళ్ళకి ముందు పిల్లలందరం పరిగెత్తేవాళ్ళం. అది ఇప్పటికీ కలలోకి వస్తుంది. సముద్రం ముందు నిలబడితే నేనంటూ ఒకదాన్ని లేనట్టు ఉంటుంది, అయినా భయం వెయ్యదు. మావారు “నీకు నీళ్ళ పిచ్చి” అని నవ్వుతారు. అమ్మ నవ్వదు. నా జాతకంలో జలగండం ఉందని చిన్నప్పుడెవరో చెప్పారట. అందుకే నాకు ఈత నేర్పించలేదు. మొన్న శ్రావణమాసంలో ఊరెళ్తూ ధవళేశ్వరం బ్యారేజీ మీద దిగి, గేట్ల కింద నీళ్ళు చూస్తుంటే ఒక్క క్షణం దూకెయ్యాలనిపించింది. చచ్చిపోవాలని నాకు ఏ కోశానా లేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా పాపకి ఏడేళ్ళు. దానికీ ఇదే ఇష్టం. దీనికి పేరేమైనా ఉందా? ఇది జబ్బా?
– ఒక సోదరి, హైదరాబాదు

సమాధానం: అమ్మా, మీరు చివర్లో రాసిన సంగతితోనే మొదలుపెడతాను. మిగతా ఉత్తరమంతా ఇష్టంగా రాశారు, ఆ రెండు వాక్యాలు మాత్రం భయంతో రాశారు.

ఎత్తైన చోట నిలబడి కిందికి చూసినప్పుడు ఒక్క క్షణం దూకెయ్యాలనిపించడం బతుకు మీద తీపి ఉన్నవాళ్ళకి కూడా జరుగుతుంది. అమెరికాలోని ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2012లో ఈ విషయం మీదే ఒక అధ్యయనం అచ్చువేశారు. 431 మంది కాలేజీ విద్యార్థుల్ని అడిగితే, ఆత్మహత్య ఆలోచన జన్మలో ఎప్పుడూ రాలేదన్నవాళ్ళలో కూడా చాలామంది “అవును, మాకూ అలా అనిపించింది” అన్నారు. దానికి వాళ్ళు ఊహించిన కారణం ఇది. అంచున నిలబడగానే ప్రమాదమని ఒళ్ళు ముందు పసిగడుతుంది, మనకి తెలిసేలోపే అడుగు వెనక్కి వేయిస్తుంది. ఆ తర్వాత మనసు తీరిగ్గా లెక్క చూసుకుంటుంది: నేనెందుకు వెనక్కి జరిగాను? పిట్టగోడ గట్టిగానే ఉందే, ఎవరూ తొయ్యలేదే, అయితే నాకే దూకాలనిపించి ఉంటుంది. ఈ వివరణ సరైనదైతే, ఆ రోజు మీకు కలిగింది బతకాలన్న కోరికే. మీరు దాన్ని తలకిందులుగా చదువుకున్నారు.

అయితే ఒక్క మాట. ఆ ఆలోచన క్షణంలో వచ్చి పోకుండా ఇంటికొచ్చాక కూడా వెంటాడుతున్నా, రాత్రిళ్ళు నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా, ఇంతకు ముందు ఇష్టంగా చేసిన పనుల మీద మనసు పోకపోయినా, నీళ్ళ దగ్గరకి ఒంటరిగా వెళ్ళడానికి సాకులు వెతుకుతున్నట్టు మీకే తోచినా, అది నేను పైన చెప్పిన సంగతి కాదు. అప్పుడు వెంటనే 14416కి ఫోన్ చెయ్యండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్. పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మీ ఉత్తరం చదివితే మీకు ఆ అవసరం ఉన్నట్టు నాకు అనిపించలేదు. కానీ ఉత్తరం చదివి మనిషిని పూర్తిగా తెలుసుకోలేం కాబట్టి ఆ నంబరు ఫోన్‌లో దాచుకోమంటున్నాను. ఇంకొకటి, ఈ సంగతి మీవారికి చెప్పండి. నలుగురికీ కలిగే అనుభవాన్ని ఒక్కరే దాచుకుంటే భయం పెరుగుతుంది.

ఇక పేరు సంగతి. ఉంది, ఒకటి కాదు, నాలుగైదు ఉన్నాయి. అవన్నీ గ్రీకు, లాటిన్ ముక్కలు అతికించి చేసినవి. గ్రీకులో ‘థలస్సా’ అంటే సముద్రం, అందుకని సముద్ర ప్రియుల్ని థలసోఫైల్ అంటారు. నెట్‌లో ఎక్కువగా కనిపించేది ఈ మాటే. నీళ్ళు ఏవైనా సరే ఇష్టపడేవాళ్ళని ఆక్వాఫైల్ అంటారు. నదిని ఇష్టపడేవాళ్ళకి పోటమోఫైల్, చెరువులు ఇష్టపడేవాళ్ళకి లిమ్నోఫైల్ అని కూడా కొందరు వాడతారు. హైడ్రోఫిలిక్ అన్న మాటని రసాయన శాస్త్రం ఎప్పుడో తీసేసుకుంది, నీటిని పట్టి ఉంచే పదార్థాలకి వాడతారు. వీటిలో మీకు నచ్చింది పెట్టుకోండి. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే థలసోఫైల్ మాత్రం మీకు సగమే నప్పుతుంది, మీ మనసు సముద్రం కన్నా కాలువ దగ్గరే ఎక్కువసేపు నిలబడింది.

జబ్బా అన్నారు. మానసిక వైద్యులు రోగనిర్ధారణకి వాడే పుస్తకాల్లో నీళ్ళంటే భయానికి చోటుంది. ఎత్తులు, తుఫాన్లు, నీళ్ళు, వీటి భయం మనిషి బతుకుని అడ్డుకునే స్థాయికి వెళ్తే దాన్ని ఫోబియాగా గుర్తిస్తారు, వైద్యం చేస్తారు. నీళ్ళంటే ఇష్టానికి అక్కడ చోటు లేదు. ఆ పేర్ల చివర ‘ఫైల్’ ఉంది కదా, అది ‘ఫిలియా’ కదా అని కంగారు పడకండి, ఆ ముక్కకి ఇష్టం అనే అర్థం.

నిజానికి మీకున్నది మీ ఒక్కరిదే అనుకోవడం పొరపాటు. శ్రీశైలం గేట్లు ఎత్తారని టీవీలో వస్తే చాలు, ఆ ఆదివారం ఘాట్ రోడ్డు మీద కార్లు కదలవు. నాగార్జునసాగర్ 26 గేట్లూ ఎత్తిన రోజున హైదరాబాదు నుంచీ గుంటూరు నుంచీ జనం పిల్లల్ని చంకనేసుకుని పోతారు. అక్కడ చేసేదేమీ ఉండదు. నీళ్ళు దూకుతుంటాయి, తుంపర మొహాన పడుతుంది, నిలబడి చూస్తారు, మొక్కజొన్న పొత్తు తిని తిరిగొస్తారు. బతుకమ్మని తొమ్మిది రోజులు పూలతో పేర్చి ఆడి, చివరికి చెరువు నీళ్ళలోకే సాగనంపుతారు. కార్తీకం వెళ్ళిన మర్నాడు, పోలి పాడ్యమి తెల్లవారుజామున, చలికి వణుకుతూ ఆడవాళ్ళు అరటి దొప్పల్లో దీపాలు పెట్టి కాలువలోకి తోస్తారు. మీరూ తోసే ఉంటారు. 2015 గోదావరి పుష్కరాలకి అంత రద్దీలో, అంత ఎండలో, కోట్ల మంది ఎందుకు వెళ్ళారు? పుణ్యం అనే కారణం ఉంది, కాదనను. కానీ నీళ్ళలోకి దిగి మూడు మునకలు వేసి లేచిన మనిషి మొహం చూడండి, పుణ్యం సంగతి దేవుడెరుగు, ఒళ్ళు మాత్రం తేలికపడినట్టు తెలుస్తుంది.

ఎందుకిలా అన్నదానికి ఒక్క జవాబు లేదు. ఉన్నవాటిలో నాకు నమ్మకంగా తోచేవి చెబుతాను.

మొదటిది అందరికీ తెలిసిందే. నీళ్ళున్న చోటే మనిషి బతికాడు. దక్షిణాఫ్రికా దక్షిణ తీరంలో పినకిల్ పాయింట్ అనే చోట, సముద్రం ఒడ్డు గుహల్లో, సుమారు 1,64,000 ఏళ్ళ కిందట మనుషులు నత్తలూ ఆల్చిప్పలూ తిన్న ఆనవాళ్ళు దొరికాయి. ఎడతెగక పారే ఏరు లేని ఊళ్ళో ఉండొద్దని మనం బళ్ళో వల్లె వేసిన పద్యం కూడా అదే చెబుతుంది. తళతళ మెరిసేవాటి మీద ఇష్టం కూడా దాహంలోంచే వచ్చి ఉంటుందని కొందరి అనుమానం. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పాల్గొన్న ఒక అధ్యయనంలో కొందరికి నీళ్ళివ్వకుండా పొడి బిస్కెట్లు తినిపించి, నిగనిగలాడే కాగితం మీదవీ మామూలు కాగితం మీదవీ ఫోటోలు చూపించారు. దాహం ఎక్కువైనకొద్దీ నిగనిగల మీద మక్కువ పెరిగింది. ఎండలో దూరంగా తళుక్కుమన్న చెరువు చూసి “అదుగో” అని అరిచే పిల్లల సంతోషానికి మూలం ఇక్కడ ఉన్నా ఆశ్చర్యం లేదు.

రెండోది చూపుకి సంబంధించినది. రోజంతా మనం పట్టిపట్టి చూస్తాం. ఫోన్, రోడ్డు, పొయ్యి మీద పాలు, పిల్ల హోంవర్కు. ఇలా పట్టి చూడటానికి మనసు కష్టపడాలి, అలిసిపోతుంది. పారే నీటిని చూడటానికి కష్టపడక్కర్లేదు. అది కదులుతూనే ఉంటుంది, కానీ ఏ కదలికకీ మనం స్పందించక్కర్లేదు. అమెరికాలో రేచల్, స్టీఫెన్ కాప్లాన్ అనే దంపతులు ఇలాంటి దృశ్యాల్లో అలిసిన ధ్యాస తిరిగి కోలుకుంటుందని సిద్ధాంతం చేశారు. ఇంగ్లండులో మాథ్యూ వైట్ బృందం 2010లో 120 ఫోటోలు జనానికి చూపించి నచ్చినవి చెప్పమంటే, నీళ్ళున్న దృశ్యాలకే ఎక్కువ మార్కులు పడ్డాయి. నీళ్ళు కనిపించే ఊరి ఫోటోలకి, నీళ్ళు లేని పచ్చని పల్లె ఫోటోలకీ దాదాపు సమానంగా వచ్చాయి. బ్రిటన్‌లోనే ఇంకో ప్రయోగంలో ఇరవై వేలమందికి పైగా జనం తమ ఫోన్‌లో “ఇప్పుడెలా ఉన్నారు” అన్న ప్రశ్నకి జవాబులిచ్చారు. ఎక్కడున్నారో ఫోనే నమోదు చేసింది. అలా పది లక్షలకు పైగా జవాబులు పోగయ్యాయి. 2013లో వచ్చిన ఆ ఫలితాల్లో అందరికన్నా సంతోషంగా ఉన్నది సముద్ర తీరంలో ఉన్నవాళ్ళు, నగరంలో ఉన్నప్పటికన్నా నూటికి ఆరు పాయింట్లు ఎక్కువ.

ఈ లెక్కల్ని నేను పూర్తిగా మన మీదకి తెచ్చుకోను. అక్కడ తీరానికి వెళ్ళినవాళ్ళు చాలావరకు సెలవు రోజున వెళ్ళినవాళ్ళు. మన ఉప్పాడలో సముద్రం ఇంటి గోడ దాకా వచ్చి, ఏటా కొన్ని ఇళ్ళు కోసుకుపోతుంటే చూసే మనిషిని అదే ప్రశ్న అడిగితే ఏం చెబుతాడు? 1977 నవంబరు 19 రాత్రి దివిసీమలో ఉప్పెన దాటిన కుటుంబాల్లో, గాలి హోరు పెరిగితే ఈనాటికీ నిద్రపోని పెద్దవాళ్ళున్నారు. భద్రాచలంలో గోదావరి 43 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు వచ్చింది, 2022 జులైలో 71.3. ఆ అంకెలు వింటూ సామాను అటక మీదకి ఎక్కించేవాళ్ళకి నీళ్ళు ప్రశాంతత అని చెప్పలేం. గంగమ్మకి మొక్కే బెస్తవాడు ఇష్టంతో మొక్కుతాడు, భయంతోనూ మొక్కుతాడు. ఈ రెండూ కలిసే ఉండాలని నా అభిప్రాయం. మీ విషయంలో ఇష్టం మొత్తం మీ దగ్గర, భయం మొత్తం మీ అమ్మగారి దగ్గర ఉండిపోయింది. అక్కడే చిక్కంతా.

సముద్రం ముందు “నేను లేనట్టు ఉంటుంది” అని రాశారు. ఇది కొత్తది కాదు. ఫ్రెంచి రచయిత రొమైన్ రోలాండ్ 1927లో మనసు లోతుల్ని తవ్విన వైద్యుడు ఫ్రాయిడ్‌కి ఉత్తరం రాస్తూ, హద్దులు చెరిగిపోయి సమస్తంతో ఒకటైనట్టు కలిగే అనుభూతిని సముద్రంతో పోల్చి పేరు పెట్టాడు. రామకృష్ణ పరమహంస జీవిత చరిత్ర రాసిన రోలాండ్ ఇతనే. సముద్రం లోతు కొలవడానికి వెళ్ళిన ఉప్పు బొమ్మ కథ పరమహంస చెప్పిందే. కొలత చెప్పడానికి ఆ బొమ్మ తిరిగిరాలేదు, కరిగిపోయింది. ఫ్రాయిడ్ మూడేళ్ళ తర్వాత దానికి జవాబు రాస్తూ, నాలో వెతుకుతే అలాంటి అనుభూతి కనిపించలేదని నిజాయితీగా ఒప్పుకున్నాడు. అంటే అంతటి మనిషికి కలగనిది మీకు కలిగింది. దాన్ని దాచుకోండి, వైద్యం చేయించుకోకండి.

ఇప్పుడు మీ కాలువ దగ్గరకి వస్తాను. మీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు తోచింది, మీకు నీళ్ళ మీద ఎంత బెంగ ఉందో ఊరి మీద అంత బెంగ ఉంది. కాలువ వదిలే రోజు గోదావరి జిల్లాల పిల్లలందరికీ తెలుసు. రెండు నెలలు ఎండిన కాలువ అడుగు నెర్రెలిచ్చి ఉంటుంది, పిల్లలు అందులోనే క్రికెట్ ఆడుతుంటారు. లాకుల దగ్గర వదిలారట అని ఎవరో అంటారు. ముందు నీళ్ళు కనిపించవు. ఎండుటాకులు, కొబ్బరి డొక్కలు, తెగిన చెప్పు, మురికి నురగ, వీటిని తోసుకుంటూ ఒక గోధుమరంగు అంచు నెమ్మదిగా పాకుతూ వస్తుంది. నెర్రెల్లోకి దిగినప్పుడల్లా బుడబుడమని గాలి పైకొస్తుంది. ఆ వాసన, ఎండిన మట్టి తడిసే వాసన, తర్వాత ఎక్కడా దొరకదు. పిల్లలు దానికి నాలుగడుగులు ముందే ఉంటూ కేకలేస్తూ పరిగెత్తుతారు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయింది మొదలు ఆ సీమ తిండీ, పెళ్ళిళ్ళూ, బాకీలూ ఆ నీళ్ళ రాకతోనే ముడిపడి ఉన్నాయి. ఊరూరా ఆయన విగ్రహాలు ఊరికే పెట్టలేదు. ఆ పరుగు మీ కలలోకి రావడంలో వింతేముంది? మియాపూర్ ఫ్లాటులో నీళ్ళంటే ట్యాంకరు, మోటారు, కొళాయి. నీళ్ళు వచ్చాయన్న సంబరం అక్కడ కూడా ఉంటుంది కానీ పరిగెత్తేది బకెట్ల కోసం.

కాబట్టి ఏడాదిలో ఒక్కసారైనా సంక్రాంతికి కాకుండా జూన్‌లో వెళ్ళండి. పాపకి బడి తెరిచే రోజులే, తెలుసు. రెండు రోజులు పోతే పోనివ్వండి. కాలువ వదిలే తేదీ ముందే పేపర్లో వస్తుంది.

మిగతా రోజుల సంగతి. మీరుండే చోటికి అమీన్‌పూర్ పెద్దచెరువు దగ్గరే. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. చలికాలంలో పొద్దున్నే వెళ్తే వలస పక్షులు కనిపిస్తాయి. ఇంకాస్త దూరమైనా పర్లేదనుకుంటే గండిపేట గట్టు ఉంది. 1908 మూసీ వరద హైదరాబాదుని ముంచేశాక, మళ్ళీ అలా జరక్కూడదని 1920లో కట్టిన చెరువు అది. ఆ సంగతి పాపకి చెప్పి చూపిస్తే నీళ్ళంటే ఇష్టంతో పాటు ఇంకోటి కూడా తెలుస్తుంది. ఇంగ్లండులో దాదాపు ఇరవై వేలమంది మీద చేసి 2019లో ప్రకటించిన ఒక అధ్యయనం, వారానికి మొత్తం 120 నిమిషాలు ఆరుబయట ప్రకృతిలో గడిపినవాళ్ళు ఆరోగ్యంగా, తృప్తిగా ఉన్నామని చెప్పుకున్నారని తేల్చింది. ఒక్కసారే గడిపినా, ముక్కలుముక్కలుగా గడిపినా తేడా లేదట. ఆ రెండు గంటలూ మీ హక్కుగా అడిగి తీసుకోండి. మీవారిని కూడా తీసుకెళ్ళండి, ఆయన నవ్వుతున్నారంటే కోపం లేదన్నమాటే కదా.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇప్పుడు చెబుతాను. ఈత నేర్చుకోండి. ఈ ఏడాదే.

జలగండం అన్న మాటని నేను వెటకారం చెయ్యను. కాలువ గట్టు ఊళ్ళలో రేవుకెళ్ళి తిరిగిరాని పిల్లలుండేవాళ్ళు. తల్లికి ఆ భయం ఎలా చెప్పాలో తెలీదు, జాతకం ఆ భయానికి ఒక మాట ఇచ్చింది. కానీ దాని ఫలితం చూడండి. మగపిల్లలకి జలగండం ఉన్నా లేకపోయినా వంతెన మీంచి దూకి ఈత నేర్చేసుకున్నారు. ఆడపిల్లలు మాత్రం రోజూ నడుంలోతు నీళ్ళలో నిలబడి బట్టలుతికారు, బిందెలు ముంచారు, పాచి పట్టిన మెట్ల మీద ఎక్కారు దిగారు, అయినా ఈత మాత్రం ఎవరూ నేర్పలేదు. నీళ్ళకి అంత దగ్గరగా బతికినవాళ్ళకే నీళ్ళలో బతికే విద్య లేకుండా చేశాం. దీని గురించి తలుచుకుంటే నాకు బాధ, కోపం రెండూ కలుగుతాయి. 2004 సునామీ తర్వాత ఆక్స్‌ఫామ్ సంస్థ లెక్క తీస్తే, తమిళనాడులోని కడలూరు జిల్లాలో చనిపోయిన ఆడవాళ్ళు మగవాళ్ళకి దాదాపు మూడు రెట్లు. కారణాలు చాలా ఉన్నాయి. పిల్లల్ని వెతుక్కుంటూ ఆగిపోవడం, ఒడ్డున చేపల కోసం ఎదురుచూస్తూ ఉండటం, వాటితో పాటు ఈత రాకపోవడం, చెట్టెక్కడం రాకపోవడం. జలగండానికి విరుగుడు నీళ్ళకి దూరంగా ఉంచడం అయితే ఈ లెక్క ఇలా ఉండేది కాదు.

ముప్పై దాటాక ఈత వస్తుందా అని అనుమానం వద్దు, వస్తుంది. హైదరాబాదులో చాలా కొలనుల్లో ఆడవాళ్ళకి వేరే సమయం ఉంటుంది, నేర్పేవాళ్ళూ ఆడవాళ్ళే ఉన్న చోటు వెతుక్కోండి. ఒళ్ళంతా కప్పే ఈత దుస్తులు దొరుకుతాయి, ఆ మొహమాటంతో ఆగిపోకండి. మొదటి వారం చేతులూ కాళ్ళూ కొట్టడం నేర్పమని తొందరపెట్టకండి. మొహం నీళ్ళలో పెట్టి ఊపిరి వదలడం, బుడగలు చెయ్యడం, అదొక్కటే చెయ్యండి. చల్లని నీళ్ళలో మొహం మునగగానే గుండె వేగం కాస్త తగ్గుతుంది. నీళ్ళలో బతికే సీలు జంతువులకీ మనకీ ఉమ్మడిగా ఉన్న స్వభావమది. మీకు నీళ్ళ దగ్గర కలిగే ప్రశాంతతలో కొంత అలా ఒంట్లోంచే వస్తుంది. మెడలోతు నీళ్ళలో నిలబడితే కాళ్ళ మీద పడేది మీ బరువులో సుమారు పదో వంతే. రోజంతా నిలబడి పనిచేసే ఆడవాళ్ళకి ఆ ఒక్క సంగతీ చాలు.

తర్వాత వెల్లకిలా తేలడం. నేర్పే ఆవిడ మీ నడుం కింద చెయ్యి పెడుతుంది. మీరు సహజంగా తల పైకెత్తుతారు, ఎక్కడ మునుగుతానో చూసుకుందామని. తల ఎత్తగానే నడుం కిందికి దిగిపోతుంది, కాళ్ళు మునుగుతాయి, భయం పెరుగుతుంది. చేయాల్సింది దానికి సరిగ్గా ఎదురు: గడ్డం పైకెత్తి, చెవులు రెండూ నీళ్ళలో మునగనివ్వాలి. చెవులు మునిగాక బయటి మాటలు వినిపించవు, మీ ఊపిరి చప్పుడు మాత్రం పెద్దగా వినిపిస్తుంది. నిండుగా గాలి పీల్చినప్పుడు రొమ్ము పైకి తేలుతుంది, వదిలినప్పుడు కాస్త దిగుతుంది. ఆవిడ చెయ్యి ఎప్పుడు తీసేసిందో మీకు తెలియదు. అది వచ్చాకే మిగతా ఈత. ప్రాణం కాపాడేది కూడా ముందు అదే, వేగం కాదు.

పాపకి ఇదే సరైన వయసు. ఆరేళ్ళు దాటిన బడి పిల్లలకి ఈతా, నీళ్ళ దగ్గర జాగ్రత్తలూ నేర్పమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశంలో ఏటా ముప్పై వేలకు పైగా జనం నీళ్ళలో మునిగి చనిపోతున్నారు. పాపకి ఈతతో పాటు ఇంకొన్ని చెప్పండి. మునిగిపోయేవాళ్ళు సినిమాల్లోలా చేతులూపుతూ కేకలెయ్యరు. నోరు నీళ్ళ మట్టానికి పైకీ కిందికీ వస్తుంటే గాలి పీల్చడానికే సమయం చాలదు, పిలవడానికి ఊపిరి ఎక్కడిది? అందుకే చప్పుడు లేదంటే క్షేమం అనుకోకూడదు, చేతికందే దూరంలో పెద్దవాళ్ళు ఉండాలి. ఎవరైనా మునుగుతుంటే వెంట దూకొద్దు. తాడో, చీరో, పొడవాటి కర్రో అందించాలి. ఏమీ లేకపోతే మూత బిగించిన ఖాళీ నీళ్ళ క్యాను విసరాలి, అది మనిషిని తేలుస్తుంది. గోదావరి, కృష్ణల్లో ఇసుక తవ్వేసిన గుంతలున్నాయి, మోకాలి లోతు పక్కనే నిలువెత్తు లోతు ఉంటుంది. నగరం చుట్టూ క్వారీ గుంతల్లో అసలు దిగొద్దు. విశాఖ, బాపట్ల వైపు బీచ్‌లకి వెళ్ళినప్పుడు, అలలు విరగకుండా నున్నగా కనిపించే చోట దిగొద్దు. పిల్లలకి అక్కడ నీళ్ళు నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తాయి, నిజానికి ఒడ్డుకొచ్చిన నీళ్ళన్నీ అటునుంచే లోపలికి లాగేస్తుంటాయి. పొరపాటున చిక్కుకుంటే ఒడ్డుకేసి ఈదకూడదు, తీరానికి సమాంతరంగా పక్కకి ఈది ఆ లాగుడు తప్పించుకోవాలి.

ఇక అమ్మగారు. ఆవిడతో జాతకం గురించి వాదించకండి, ఆ వాదన తెగదు. “గండం ఉందంటున్నావు కదా, ఉంటే ఈత వచ్చినదాన్ని దాటుతానా, రానిదాన్ని దాటుతానా?” అని అడగండి. ఈసారి హైదరాబాదు వచ్చినప్పుడు కొలను దగ్గరకి తీసుకెళ్ళి కుర్చీ వేసి కూర్చోబెట్టండి, పాపా మీరూ తేలుతుంటే చూడనివ్వండి. ఈత ఎప్పటికల్లా వస్తే బాగుంటుందని మీరు అడుగుతారేమో. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి. ఆ లోపు మీరిద్దరూ కనీసం వెల్లకిలా రెండు నిమిషాలు తేలగలిగితే, రేవులో ఆవిడ మీ చెయ్యి పట్టుకుని దిగొచ్చు.